బడి మాన్పించి ఇంట్లోనే చదివించే హక్కు మనకు ఉందా? పిల్లల విలువలు ఎవరు నిర్ణయించాలి?

వానచినుకు:
అందరికీ నమస్కారం. మా పాపకు ఎనిమిదేళ్లు. వచ్చే ఏడాది నుంచి బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామా అని నేను, మావారు కొన్నాళ్లుగా మాట్లాడుకుంటున్నాం. పాఠాలు చెప్పడం గురించి మాకు అంత టెన్షన్ లేదు. నన్ను నిద్రపోనివ్వనిది వేరే సంగతి. బడిలో చేరాక పాప మార్కులు తగ్గిన పేపర్లు దాచడం మొదలుపెట్టింది. స్నేహితురాలికి తనకంటే తక్కువ వచ్చాయని సంతోషపడుతోంది. ఏం చెబితే టీచరు తిట్టదో అదే చెబుతోంది. నిజం చెప్పడం, పక్కవాళ్ల కష్టం పట్టించుకోవడం, తెలియనిది తెలియదని ఒప్పుకోవడం మాకు చాలా ముఖ్యం. అవే తనకు అందాలని మా కోరిక.

మా బిడ్డ విలువలు ఎలా ఉండాలో నిర్ణయించే హక్కు మాకు ఎంతవరకు ఉంది? చట్టం ఒప్పుకుంటుందా? ఇంట్లో చదివిస్తున్నవాళ్లు, కొన్నాళ్లు చేసి మానుకున్నవాళ్లు, ఇది తప్పనుకునేవాళ్లు అందరూ రాయండి. మొహమాటం వద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

లెక్కల_టీచర్:
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నానండీ, నేను తప్పనే అనుకుంటున్నాను. పేపరు దాచడం బడిలో నేర్చుకుందన్నారు. కానీ దాచింది ఎవరికి కనపడకుండా? మీకే కదా. మార్కులు చూస్తే ఇంట్లో ఏమంటారోనన్న భయం ఉన్నప్పుడే పిల్లలు దాస్తారు. బడి మాన్పిస్తే దాచడానికి పేపరు ఉండదు. ఆ భయం మాత్రం ఎక్కడికీ పోదు.

ఇంకో సంగతి. ఇంటితో సంబంధం లేని పెద్దవాళ్లు పిల్లల్ని రోజూ చూసే చోటు బడి ఒక్కటే. చేతి మీద వాత ఉంటే మేం అడుగుతాం. నెల రోజులుగా పిల్లవాడు సరిగ్గా తినడం లేదని మాకు తెలుస్తుంది. 2018లో కాలిఫోర్నియాలో ఒక ఇంట్లో 13 మంది తోబుట్టువులను, వాళ్లలో కొందరిని గొలుసులతో కట్టి, సరైన తిండి పెట్టకుండా ఏళ్ల తరబడి ఉంచారని బయటపడింది. ప్రభుత్వ రికార్డుల్లో ఆ ఇల్లు ఒక ప్రైవేటు స్కూలు, తండ్రే దానికి ప్రిన్సిపాల్. 17 ఏళ్ల కూతురు తప్పించుకుని పోలీసులకు ఫోన్ చేసేదాకా ఆ పిల్లలు ఎలా ఉన్నారో ఎవరికీ తెలియలేదు. మీరు అలాంటివాళ్లని నేను అనడం లేదు. మీలాంటి మంచి తల్లిదండ్రుల కోసం తెరిచిన తలుపులోంచి వాళ్లూ వెళ్లారు అంటున్నాను. హక్కు గురించి మాట్లాడేటప్పుడు ఆ పిల్లల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

ఇద్దరి_అమ్మ:
టీచరు గారూ, అలాంటి ఘోరాలు బడికి వెళ్లే పిల్లలకూ జరుగుతున్నాయి. బడిలోనే జరిగినవీ ఉన్నాయి. ఒక్క ఉదాహరణతో అందరినీ కట్టేయొద్దు. వానచినుకు గారూ, మా అనుభవం రాత్రికి వివరంగా రాస్తాను.

నల్లకోటు:
చట్టం సంగతి అడిగారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ఒక్కో దేశంలో ఒక్కో తీరు.

భారతదేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు హక్కు. 10వ సెక్షన్ ప్రకారం బిడ్డను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి. అయితే చేర్చకపోతే తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఇంటి చదువును పేరుపెట్టి నిషేధించలేదు, పేరుపెట్టి అనుమతించనూ లేదు. ఇంట్లో చదివించేవాళ్లు ఆ ఖాళీలోనే బతుకుతున్నారు. అలా బతకడం సుఖం కాదని ముందే చెబుతున్నాను, ఎందుకంటే రేపు ఎవరైనా ప్రశ్నిస్తే చూపించడానికి మీ చేతిలో అనుమతి కాగితం ఏదీ ఉండదు. పది పరీక్ష కోసం చాలామంది జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో చేరతారు. దానికి 14 ఏళ్లు నిండాలి.

ఇంగ్లండులో 1996 విద్యా చట్టం 7వ సెక్షన్ ప్రకారం పిల్లలకు వయసుకూ సామర్థ్యానికీ తగిన చదువు అందేలా చూడటం తల్లిదండ్రుల బాధ్యత. అది బడిలోనైనా, మరో విధంగానైనా సరే. ఆ 'మరో విధంగా' అన్న మాట మీదే అక్కడి ఇంటి చదువు అంతా నిలబడి ఉంది. అమెరికాలో 1993 నాటికి 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైంది. కానీ న్యూయార్క్‌లో మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి, టెక్సస్‌లో ఎవరికీ కబురు కూడా చేయనక్కర్లేదు. స్వీడన్ 2010లో చట్టం మార్చి, అసాధారణ పరిస్థితుల్లో తప్ప కుదరదంది. ఫ్రాన్స్‌లో ఇదివరకు తెలియజేస్తే చాలు. 2021లో చేసిన చట్టం వల్ల 2022 విద్యా సంవత్సరం నుంచి ముందే అనుమతి తీసుకోవాలి.

ధర్మపథం:
వివరాలకు ధన్యవాదాలు. కానీ నాకు ఒక్కటి అర్థం కాదు. కన్నది మేము, రాత్రంతా మేలుకుని పెంచింది మేము. అలాంటిది అనుమతి ఇవ్వడానికి ప్రభుత్వం ఎవరు? 1948 మానవ హక్కుల ప్రకటన 26వ అధికరణ మూడో భాగంలోనే ఉంది కదా, పిల్లలకు ఎలాంటి చదువు ఇవ్వాలో ఎంచుకునే తొలి హక్కు తల్లిదండ్రులదని.

ప్రభుత్వం మారినప్పుడల్లా పాఠ్యపుస్తకం మారుతుంది. నిన్నటి మహానుభావుడు ఈ ఏడాది పుస్తకంలో ఉండడు. మా కుటుంబం తరతరాలుగా నమ్మిన దైవభక్తి, పెద్దల పట్ల గౌరవం, మితంగా బతకడం ఎన్నికల ఫలితాన్ని బట్టి మారవు. నా పిల్లలు వాటిలోనే పెరగాలి. బయటి ప్రపంచం ఎలాగూ వాళ్లను లాక్కుంటుంది. పునాది వేసే వయసులోనైనా మా చేతుల్లో ఉండనివ్వాలి.

నల్లకోటు:
ధర్మపథం గారూ, మీరు చెప్పిన మూడో భాగం నిజమే. హిట్లర్ కాలంలో రాజ్యం పిల్లల్ని తన సొత్తు చేసుకుని ఏం చేసిందో కళ్లారా చూసిన తరం రాసుకున్న మాట అది. దాని విలువ నేను తగ్గించను. కానీ దానికి పైనే రెండో భాగం ఉంది. చదువు వల్ల బిడ్డ వ్యక్తిత్వం పూర్తిగా వికసించాలని, జాతుల మధ్య, మతాల మధ్య అవగాహన, సహనం, స్నేహం పెరగాలని. రెండూ కలిపి చదవాలి.

అమెరికా సుప్రీంకోర్టు 1925 తీర్పును కూడా ఇలాగే సగమే చెబుతుంటారు. అందరూ ప్రభుత్వ బడికే పంపాలని ఆరిగన్ రాష్ట్రం 1922లో చట్టం చేసింది. కాథలిక్ బడుల్ని మూయించాలన్న ద్వేషం దాని వెనక ఉంది. కోర్టు దాన్ని కొట్టేస్తూ, బిడ్డ రాజ్యం తయారుచేసిన వస్తువు కాదంది. ఆ మాట అందరికీ గుర్తుంది. అదే వాక్యంలో, పెంచేవాళ్ల హక్కుతో పాటు గొప్ప బాధ్యత కూడా ముడిపడి ఉందంది. అది ఎవరూ చెప్పరు. పైగా ఆ కేసు ప్రైవేటు బడుల గురించే, ఇంటి చదువు గురించి కాదు.

రైన్_తీరం:
నేను జర్మనీలో ఉంటాను. ఇక్కడ ఈ చర్చకే తావు లేదు. బడికి పంపాల్సిందే, వినకపోతే జరిమానా, ఇంకా ముదిరితే కోర్టు. 2006లో యూరప్ మానవ హక్కుల కోర్టు ముందుకు ఒక జర్మన్ కుటుంబం వెళ్తే, సమాజం నుంచి వేరుపడిన గుంపులు తయారుకాకుండా చూడటం, రకరకాల పిల్లలు ఒకే చోట కలిసి పెరగడం సరైన లక్ష్యాలేనంటూ వాళ్ల వాదనను విచారణకే తీసుకోలేదు. 2019లో ఇంకో కేసు. బడికి పంపలేదని పిల్లల్ని కొన్ని వారాలు ఇంటి నుంచి తీసుకెళ్లారు. అందులోనూ కోర్టు ప్రభుత్వం వైపే నిలిచింది.

మొదట్లో నాకు ఇది అన్యాయం అనిపించింది. పిల్లల్ని ఇంటి నుంచి తీసుకెళ్లడం ఇప్పటికీ అన్యాయమే అంటాను. కానీ మా అబ్బాయి తరగతిలో దేశం విడిచి పారిపోయి వచ్చినవాళ్ల పిల్లలు ఉన్నారు, మా ఇంటి నమ్మకాలకు పూర్తిగా విరుద్ధంగా పెరిగిన పిల్లలు ఉన్నారు. వాడు వాళ్లతో పోట్లాడి, మళ్లీ కలిసిపోయి నేర్చుకున్నది మేము కూర్చోబెట్టి చెప్పగలిగేది కాదు.

ఇద్దరి_అమ్మ:
రాస్తానన్నాను కదా. మా పిల్లలిద్దరూ చాలాకాలంగా ఇంట్లోనే చదువుతున్నారు. పెద్దవాణ్ణి తోటిపిల్లలు ఏడిపించి ఏడిపించి మాట్లాడటమే మాన్పించారు. బడివాళ్లు సర్దుకుపొమ్మన్నారు. అందుకని తీసుకొచ్చేశాం. అప్పుడు హక్కు గురించి ఆలోచించే స్థితిలో లేను, వాడు మళ్లీ నవ్వితే చాలనుకున్నాను.

పాఠాలకు అనుకున్నంత సమయం పట్టదు. నలభై మందిని కూర్చోబెట్టడానికి, హాజరు వేయడానికి, అల్లరి ఆపడానికి పోయే సమయం ఇంట్లో ఉండదు. చిన్నతరగతులకు పొద్దున రెండు మూడు గంటలు గట్టిగా కూర్చుంటే చాలు. మిగిలిన రోజే అసలు పరీక్ష, అది పిల్లలకు కాదు, మనకు. రోజంతా మనల్ని చూస్తారు. నేను ఫోన్‌లో అత్తగారితో ఎలా మాట్లాడి, ఫోన్ పెట్టేశాక ఏమన్నానో నా కూతురు విన్నది. నిజాయితీ గురించి నేను చెప్పిన కథలన్నిటికంటే ఆ ఒక్క నిమిషం తనకు ఎక్కువ నేర్పింది. బడి ఉంటే పిల్లలు మనల్ని ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు చూస్తారు. ఇంటి చదువులో మన విలువలు మాటల్లో ఉన్నాయో నడతలో ఉన్నాయో దాచుకునే వీలు లేదు.

ఇంకొకటి. తల్లి ఒక్కతే మోస్తే ఈ పని సాగదు. చాలా ఇళ్లలో నిర్ణయం ఇద్దరిదీ, చాకిరీ ఆమె ఒక్కదానిదీ అవుతోంది. ఉద్యోగం మానేసి, అలసిపోయి, పిల్లల మీద అరిచే అమ్మ ఏ విలువలు నేర్పగలదు? 'మావారూ నేనూ మాట్లాడుకుంటున్నాం' అన్నారు. సోమవారం పొద్దున ఎవరు కూర్చుంటారు, మంగళవారం ఎవరు కూర్చుంటారు అని కూడా మాట్లాడుకోండి.

బడికెళ్లనివాడు:
ఇక్కడ రాస్తున్నవాళ్లలో ఇంట్లో చదువుకుని పెద్దయినవాణ్ణి నేను ఒక్కణ్ణే అనుకుంటా. కాబట్టి కొంచెం పొడవుగా రాస్తాను, ఏమీ అనుకోకండి.

మా నాన్న చాలా మంచివాడు. లెక్కలు, చరిత్ర, వ్యాకరణం ఎంతో ప్రేమగా చెప్పాడు. ప్రశ్న అడిగితే ఎప్పుడూ విసుక్కోలేదు. నేను ఈ రోజు ఏ పుస్తకమైనా భయం లేకుండా తెరుస్తానంటే అది ఆయన పుణ్యం. ఇంటి చదువు తప్పని నేను ఎప్పటికీ అనను.

కానీ విలువల విషయంలో జరిగింది వేరు. మా ఇంట్లో ఏ విషయానికైనా ఒక్కటే సరైన జవాబు ఉండేది. అది నాన్న బలవంతంగా రుద్దింది కాదు, రెండో జవాబు చెప్పేవాళ్లు ఎవరూ మా ఇంటికి రాకపోవడం వల్ల అలా అయింది. టీచరుతో విభేదిస్తే పిల్లవాడు సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మతో చెప్పుకుంటాడు. నాన్నతో విభేదిస్తే నేను వెళ్లడానికి ఇంకో చోటు లేదు. ఆయనే నాన్న, ఆయనే టీచరు, ఆయనే స్నేహితుడు. ఆయనతో కాదన్నానంటే మూడూ ఒకేసారి పోతాయేమోనని నాకు భయం. అందుకని కాదనలేదు. ఆయన దాన్ని సంస్కారం అనుకున్నాడు.

కాలేజీకి వెళ్లాక మొదటిసారి దేవుణ్ణి నమ్మని మంచివాళ్లను, నమ్మే చెడ్డవాళ్లను, మా ఇంట్లో చులకనగా మాట్లాడిన జనంలోంచి వచ్చి నాకు ప్రాణం పెట్టిన స్నేహితుణ్ణి చూశాను. నాన్న చెప్పినవాటిలో ఏది నాది, ఏది ఆయనది అని వేరు చేసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. చివరికి ఎక్కువ భాగం నేను ఉంచుకున్నాను. అయితే అప్పుడే అవి నావి అయ్యాయి.

ధర్మపథం గారూ, మీ పిల్లలు మీ విలువల్లో పెరగాలని కోరుకోవడంలో తప్పు లేదు. వాళ్లు మీతో 'నేను అలా అనుకోవడం లేదు నాన్నా' అన్న రోజున ఏమవుతుందో ఇప్పుడే ఆలోచించుకోండి. ఆ మాట అనగలిగే పిల్లలకు మీ దగ్గర చదువుకుంటే నష్టం లేదు.

ధర్మపథం:
మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా అభిప్రాయం మారలేదు, కానీ మీ ప్రశ్నకు నా దగ్గర వెంటనే చెప్పే జవాబు లేదు.

పాతపుస్తకం:
ఈ సమస్య చాలా పాతది. గాంధీ దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు కొడుకుల్ని అక్కడి బడులకు పంపకుండా తన దగ్గరే ఉంచి చదివించాడు. పుస్తకాల చదువు తగ్గినా క్రమశిక్షణ, సేవ, మాతృభాష వస్తాయని నమ్మాడు. పెద్ద కొడుకు హరిలాల్‌కు చదువు దక్కలేదన్న బాధ చివరిదాకా పోలేదు. కొడుకులు తన మీద ఫిర్యాదు చేయడానికి కొంత కారణం ఉందని గాంధీయే ఒప్పుకున్నాడు, అయినా తన నిర్ణయం సరైనదేనన్నాడు. అంత గొప్ప విలువలు ఉన్న తండ్రి కూడా కొడుకు ఏం కోరుకుంటున్నాడో వినాల్సి ఉందని నాకు అనిపిస్తుంది.

ఇంకొకరు ఇంగ్లండు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్. తండ్రి మూడేళ్లకే గ్రీకు మొదలుపెట్టాడు, తోటి పిల్లలతో కలవనివ్వలేదు. 1826లో, 20 ఏళ్ల వయసులో, తాను కోరుకోవాలని నేర్పినవన్నీ దక్కినా తనకు సంతోషం ఉండదని తెలిసి కుంగిపోయాడు. అందులోంచి బయటపడటానికి కవిత్వం సాయం చేసింది. ఆయనే తర్వాత, పిల్లలందరికీ చదువు తప్పనిసరి చేయాలి గానీ, అందరినీ ఒకే మూసలో పోసే అధికారం రాజ్యానికి ఇవ్వకూడదని వాదించాడు. తండ్రి చేతిలో అంత నలిగినవాడు రాజ్యాన్నీ నమ్మలేదు. ఆ వాదనలో నాకు బాగా నచ్చేది ఇదే.

లెక్కల_టీచర్:
బడికెళ్లనివాడు గారూ, మీరు రాసింది నేను చెప్పాలనుకున్నదానికంటే బాగా చెప్పింది. నేను ఇంటి బయటి పెద్దవాళ్ల చూపు గురించి అన్నాను, మీరు రెండో జవాబు అన్నారు. బిడ్డకు రెండూ కావాలి.

నల్లకోటు:
పిల్లల మాట వినాలన్నది కోర్టులోనూ ఒకసారి వచ్చింది. 1972లో ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడికి పంపబోమన్న ఆమిష్ (పాతకాలపు పద్ధతుల్లో విడిగా బతికే క్రైస్తవ సమూహం) తల్లిదండ్రుల పక్షాన అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జస్టిస్ డగ్లస్ మాత్రం కొంతవరకు విభేదించారు. తల్లిదండ్రుల మతస్వేచ్ఛ గురించీ ప్రభుత్వ ప్రయోజనం గురించీ ఇంత మాట్లాడాం, ఆ పిల్లల్ని ఎవరైనా అడిగారా అన్నది ఆయన ప్రశ్న. 1989 బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణ కూడా అదే చెబుతుంది. తనకు సంబంధించిన విషయాల్లో బిడ్డ అభిప్రాయం వినాలి, వయసుకు తగిన విలువ ఇవ్వాలి.

వానచినుకు:
ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. టీచరు గారు అన్నది మనసులో పడి, పేపరు ఎందుకు దాచావని నిన్న పాపను నిదానంగా అడిగాను. మాకు భయపడి కాదట. తరగతిలో మార్కులు పైకి చదువుతారట, తక్కువ వచ్చినవాళ్లను నిలబెడతారట. అక్కడ ఒకసారి అయింది, ఇంట్లో మళ్లీ దాని గురించి మాట్లాడటం ఇష్టం లేక దాచిందట. బడి మానేస్తావా అని అడిగితే మాత్రం ఏడ్చింది. పక్క బెంచీ అమ్మాయిని వదిలి ఉండలేనంది.

ఇప్పుడు మాకు రెండు ప్రశ్నలు. ఒకటి, ఏడాది చేసి చూసి, కుదరకపోతే మళ్లీ బడిలో చేర్చవచ్చా? రెండు, బడికెళ్లనివాడు గారు చెప్పిన రెండో జవాబు ఇంటి చదువులో ఎలా దొరుకుతుంది?

లెక్కల_టీచర్:
మార్కులు పైకి చదివి నిలబెట్టడం తప్పు, ఒక టీచరుగా చెబుతున్నాను. బడి మాన్పించే ముందు ఆ టీచరునూ, హెడ్మాస్టరునూ కలిసి ఆ ఒక్క విషయం అడగండి. చాలామంది తల్లిదండ్రులు ఫీజు గురించి, మార్కుల గురించి వస్తారు గానీ, 'మా పాప పక్కపిల్ల ఓటమికి సంతోషపడుతోంది, దీని గురించి మాట్లాడాలి' అని వచ్చినవాళ్లను నేను చూడలేదు. బడిలో పిల్లల విలువలు మారడంలో తల్లిదండ్రులకు చోటు లేదని ఎవరన్నారు? ఆ చోటు మనం అడగడం లేదు, అంతే.

ఇద్దరి_అమ్మ:
మా పిల్లలకు నేను చెప్పని పాఠాలు రెండు ఉన్నాయి. సంగీతం ఒకరు, సైన్సు ఒకరు చెబుతారు. సైన్సు చెప్పేవారికీ నాకూ చాలా విషయాల్లో పడదు, తెలిసే ఎంచుకున్నాం. ఆ గంట నేను గదిలో కూర్చోను. ఏం మాట్లాడుకున్నారని అడగను. పిల్లలు చెబితే వింటాను. పక్క బెంచీ అమ్మాయి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బడి మానితే స్నేహం దానంతట అది నిలవదు, ఆ అమ్మాయి అమ్మానాన్నలతో మాట్లాడి, వారం వారం కలిసే ఏర్పాటు మీరే చేయాలి.

బడికెళ్లనివాడు:
రెండో ప్రశ్నకు నా జవాబు: మీ ఇద్దరికీ వేర్వేరు అభిప్రాయాలు ఉన్న విషయాలు తన ముందే మాట్లాడుకోండి. అమ్మా నాన్నా విభేదించుకుని, తర్వాత కూడా ఒకరినొకరు ప్రేమగా చూసుకోవడం పాప చూడాలి. మా ఇంట్లో ఆ మాటలన్నీ తలుపు వేసుకుని జరిగేవి. ఇంకోటి, ఇల్లు కాకుండా తను నమ్మి ఫోన్ చేయగల పెద్దవాళ్లు ఒక్కరైనా ఉండాలి. అత్తో, మామయ్యో, ఎవరైనా. వాళ్లకు తను చెప్పింది మీ దగ్గరికి తిరిగి రాదన్న నమ్మకం ఉండాలి.

నల్లకోటు:
మొదటి ప్రశ్నకు: భారతదేశంలో అయితే తిరిగి చేర్చవచ్చు. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం బడిలో చేరని, మధ్యలో ఆపేసిన పిల్లల్ని వాళ్ల వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ప్రైవేటు బడి మాత్రం సీటు లేదనవచ్చు, కాబట్టి ఇప్పుడున్న చోటే మళ్లీ దొరుకుతుందని అనుకోవద్దు. నేర్పిన పాఠాల నోట్సు, పాప రాసినవి తేదీలతో దాచండి. టీసీ తీసుకునేటప్పుడు పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి, తర్వాత మార్పించడం చాలా కష్టం.

వానచినుకు:
వచ్చే వారం హెడ్మాస్టరు గారిని కలవడానికి సమయం తీసుకున్నాం. మావారూ వస్తున్నారు. మార్కులు పైకి చదవడం గురించే ముందు మాట్లాడతాం. వాళ్లు ఏమంటారో ఇక్కడ రాస్తాను.